వేదాద్రిలో రెండుసార్లు అడిగిన మాట

పోయిన నెలలో మా మనవరాలు నన్ను నందిగామ దగ్గర హైవే పక్కన కొత్తగా పెట్టిన కాఫీ హోటలుకు తీసుకెళ్ళింది. హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి వస్తున్నాడు, ఇద్దరూ కూర్చుని కాసేపు మాట్లాడుకుంటారు, పెద్దవాళ్ళు ఒకరు పక్కన ఉంటే బాగుంటుందని మా కోడలు నన్ను తోడు పంపింది. మేం ముందే చేరుకున్నాం. మనవరాలు తన ఫోను నా ముందు పెట్టి, "ఇదిగో నాన్నమ్మా, గరికపాడు దాటాడు" అంది. తెర మీద చిన్న చుక్క ఒకటి మెల్లగా కదులుతోంది. ఆ చుక్కే అబ్బాయట. చిల్లకల్లు దగ్గర అది కొంచెంసేపు ఆగింది. "టీ తాగుతున్నట్టున్నాడు" అంది తను. ఆ చుక్కను చూస్తూ, "వచ్చింది అతనే అని ఎట్లా తెలుస్తుందే?" అని అడిగాను. ఫొటోలు చూశాను, వీడియోలో మాట్లాడాను, గొంతు తెలుసు, కారు నంబరు కూడా తెలుసు అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. "అయినా నాన్నమ్మా, వేరేవాళ్ళని పట్టుకుని పెళ్ళిచూపులు జరిపించేసే వాళ్ళు ఎక్కడైనా ఉంటారా?" అని నవ్వింది. నేను తల దించుకుని కాఫీలో చక్కెర కలుపుకున్నాను. ఎందుకంటే, ఉంటారు. మా ఇంట్లోనే ఉండేవారు.

నాకు హైస్కూలు రోజుల నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. పడుకోబోయే ముందు నాలుగు ముక్కలు రాస్తే గాని నిద్ర పట్టదు. ఇంటికి వచ్చాక ఆ నాటి పాత డైరీ తీసి ఆ రోజు పుట వెతికాను. "వేదాద్రి వెళ్ళి వచ్చాం. ఎండ. పులిహోర చాలలేదు." అంతే ఉంది. ఎండకూ, వానకూ, తిండికీ పనికొచ్చినంతగా డైరీలు మిగతా విషయాలకు పనికి రావు. మిగతాదంతా నా తలలోనే ఉంది, ఇంకా చెరగకుండానే ఉంది.

అరవైల మొదటి రోజుల మాట. నందిగామలో ఆడపిల్లల బడిలో నాకు టీచరుగా ఉద్యోగం దొరికి ఎంతో కాలం కాలేదు. నాన్న కచేరీలో గుమాస్తా. ఇంటికి నా జీతం అవసరమై నేను బడికి వెళ్ళలేదు. నాకు బడి కావాలి, అంతే. పొద్దున తలుపు తీయగానే వచ్చే సున్నం వాసన, వర్షాకాలంలో తడిసిన జడల వాసన, "టీచరుగారూ, ఇది చూడండి" అంటూ పలకలు చేతికిచ్చే పిల్లలు, ఇదంతా నాది. మొదటి ఏడే ఒక పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకోవాలని బడి మానేస్తే వాళ్ళింటికి వెళ్ళి, తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మని చెప్పి మళ్ళీ కూర్చోబెట్టాను. ఆ తమ్ముడు నా బల్ల కింద పడుకుని నిద్రపోయేవాడు. అక్క ఎక్కాలు అప్పజెప్పేది. అలాంటి చోటును వదిలేయమని ఎవరైనా చెబితే నాకు అర్థమయ్యేది కాదు. కాని చెప్పేవారు. అప్పటికి రెండు సంబంధాలు వచ్చి వెళ్ళాయి. రెండు చోట్ల నుంచీ ఒకటే కబురు: పిల్ల నచ్చింది, ఉద్యోగం మాన్పిస్తే ముహూర్తాలు చూసుకుందాం. రెండుసార్లూ మాననని నేనే చెప్పాను. నాన్న కండువాతో మొహం తుడుచుకుని ఊరుకున్నారు.

రెండోది తప్పిపోయాక మా అత్తయ్య రంగంలోకి దిగింది. అత్తయ్య నాన్నకు అక్క. మా వీధిలోనే ఇల్లు. మామయ్య నోట్లో నాలుక లేని మనిషి, అందువల్ల అత్తయ్యకు తన ఇంట్లో వాదించడానికి ఎవరూ లేక, ఆ పని మా ఇంటికి వచ్చి చేసుకునేది. నా మీద ప్రాణం. ఆ ప్రాణం ఎక్కువయ్యే కొద్దీ గొంతు పెరిగేది. "ఈసారి నువ్వు నోరు తెరవకు. పెళ్ళయ్యాక తీరిగ్గా చెప్పుకుందువుగాని" అంది.

"పెళ్ళయ్యాక చెబితే ఎవరు వింటారత్తయ్యా?"

"వినరు. అందుకే అప్పుడు ఎంత చెప్పుకున్నా ఫరవాలేదంటున్నా."

నాన్న మధ్యలో కల్పించుకుని, "ముందు సంబంధం కుదరనీ అమ్మా. వాళ్ళు వద్దంటే మానేద్దువుగానిలే" అన్నారు. ఆ మాటతో నాకు సంగతి తేలిపోయింది. ఈసారి మూడో కబురు వస్తే నా తరఫున మాననని చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండరు. కాబట్టి ఆ అబ్బాయిని ఎదురుగా నేనే అడగాలి. తల వంచుకుని అడిగినా సరే, అడిగి తీరాలి. కుదరదంటే ఆ మాట అతని నోటి నుంచే వినాలి. ఇలా తేల్చుకున్నాక నాకు భయం కూడా తగ్గింది.

ఇక్కడ గుడిచూపుల పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో పెళ్ళిచూపులంటే వీధి వీధంతా లెక్క కట్టేది. ఎవరి గుమ్మం ముందు బండి ఆగింది, ఎవరింట్లోంచి బజ్జీల వాసన వచ్చింది, తరవాత ఏమీ జరగలేదేం, ఇలా. రెండుసార్లు తప్పిన పిల్లకు మూడోసారి ఆ గొడవ వద్దనుకుంటే రెండు కుటుంబాల వాళ్ళూ ఒకే రోజు ఏదో ఒక గుడికి వెళ్ళేవారు. అనుకోకుండా కలిసినట్టు కలుసుకుని, ఎండల గురించీ పంటల గురించీ మాట్లాడుకుని, ఒకరి ప్రసాదం ఒకరు తిని ఎవరి దారిన వాళ్ళు వచ్చేసేవారు. నచ్చితే తరవాత కబురు. నచ్చకపోతే ఎవరూ ఎవర్నీ చూడనట్టే, దర్శనం మాత్రం మిగిలేది. దీనికి ఒకటే నియమం. ఎందుకొచ్చామో అక్కడ ఎవరూ అనకూడదు. "మీరేనా?" అని అసలే అడగకూడదు. అడిగితే ఇక గుట్టు ఎక్కడుంది అనేది అత్తయ్య. అందుకని ఇద్దర్నీ ఎరిగిన మధ్యవర్తి ఒకరు ఉండేవారు. మాకు నాన్న కచేరీ స్నేహితుడు ఒకాయన మధ్యవర్తి. జగ్గయ్యపేట నుంచి అబ్బాయి వాళ్ళతో ఆయన వస్తారు, ఆయన ఎవరి పక్కన ఉంటే వాళ్ళే వాళ్ళు. అబ్బాయికి పేటలో ఎరువుల కొట్టు, ఊరి బయట పొలం. "పొడుగ్గా ఉంటాడు, కళ్ళజోడు, నెమ్మదస్తుడు" అని చెప్పి పంపారు.

మాఘమాసంలో ఒక ఆదివారం బయల్దేరాం. అక్క కాన్పుకు వచ్చి ఉండటంతో అమ్మ ఇంట్లో ఆగిపోయింది. నాన్న, అత్తయ్య, నేను. పులిహోర గిన్నెకు గుడ్డ కట్టి అత్తయ్య ఒళ్ళో పెట్టుకుంది. బస్సులో ఆ ఇంగువ వాసనకు ముందు సీటువాళ్ళు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. చిల్లకల్లులో దిగి, నాన్నకు తెలిసిన రైతు పంపిన ఎడ్లబండి ఎక్కాం. ఆ రోజుల్లో అక్కడి నుంచి వేదాద్రికి ఉన్నది బండిబాటే. రెండు వైపులా నల్లరేగడి చేలు. కోసిన మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసి ఉంటే నేలంతా ఎర్రటి తివాచీలు పరిచినట్టుండేది. గాలి తిరిగినప్పుడల్లా ఆ ఘాటుకు అందరం తుమ్మేవాళ్ళం. ఎడ్లు కూడా తుమ్మాయి. నేను మనసులో అడగబోయే మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ కూర్చుకుంటున్నాను. మర్యాదగా ఉండాలి, పొట్టిగా ఉండాలి, తప్పించుకోవడానికి సందు ఉండకూడదు. బండి తోలే అతను కాసేపు మమ్మల్ని గమనించి, "ఏందమ్మా, చూపులకా?" అన్నాడు.

"దర్శనానికయ్యా" అంది అత్తయ్య గట్టిగా.

"అట్నే చెప్తారులేమ్మా అందరూ. పోయిన వారం ఒకళ్ళని దర్శనానికే దింపా. ఎల్లుండి లగ్గం."

నాన్న నవ్వు ఆపుకోలేక మళ్ళీ తుమ్మినట్టు నటించారు.

వేదాద్రి గుడి సరిగ్గా కృష్ణ ఒడ్డున ఉంటుంది. ఎన్నో వందల ఏళ్ళుగా దీపాల పొగ పట్టి, చేతుల జిడ్డు పట్టి రాతి స్తంభాలు నల్లగా, నున్నగా ఉంటాయి. ఎండలోంచి లోపలికి అడుగు పెడితే ముందు ఏమీ కనిపించదు. గబ్బిలాల వాసన, తులసి వాసన, పచ్చకర్పూరం, తడి రాయి చల్లదనం ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. చివరికి దీపం వెలుగులో స్వామి. ఇక్కడి నరసింహుడు యోగముద్రలో ఉంటాడు, కోపం అణుచుకుని మోకాళ్ళకు పట్టీ కట్టుకుని కూర్చుని ఉంటాడు. అత్తయ్య నా చెవి దగ్గరికి వంగి, "చూశావా, అంతటి ఉగ్రాన్ని కూడా ఇక్కడికొచ్చి తగ్గించుకున్నాడు. నువ్వూ కాస్త తగ్గించుకో" అంది.

"కొండ మీద జ్వాలా నరసింహుడు ఇంకా ఉన్నాడుగా అత్తయ్యా" అన్నాను.

"నేల మీద పెళ్ళిళ్ళ సంగతి ఈయన చూస్తాడు. ఆయన జోలికి వెళ్ళకు" అంది.

దర్శనం చేసుకుని మండపంలోకి వచ్చాం. మధ్యవర్తిగారి జాడ లేదు. కాని మండపంలో ఒక స్తంభం పక్కన చాప పరుచుకుని ఒక కుటుంబం కూర్చుని ఉంది. పెద్దాయన, ఆయన భార్య, ఒక అబ్బాయి. అబ్బాయి పొడుగ్గా ఉన్నాడు. కళ్ళజోడు ఉంది. అత్తయ్య నాన్న మోచేతిని గిచ్చింది. "వాళ్ళే. మధ్యవర్తి ఎక్కడో వెనక పడ్డట్టున్నాడు. నువ్వు ఏమీ ఎరగనట్టు వెళ్ళి పలకరించు" అంది. నాన్న వెళ్ళి ఏమీ ఎరగనట్టు ఎండల గురించి మొదలుపెట్టారు. పెద్దాయన మంచి మాటకారి. ఏ ఊరండీ అంటే పేట దగ్గరే అన్నారు. అత్తయ్య కళ్ళు మెరిశాయి. ఇంకేం, చాప పక్కన చాప పడింది.

ఆ గంటసేపు జరిగిన సంభాషణ తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. వాళ్ళు నిజంగానే దర్శనానికి వచ్చిన మనుషులు, మేము దర్శనానికి వచ్చినట్టు నటిస్తున్న మనుషులం. రెండు పక్షాల మాటలూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ, "ఎన్నాళ్ళ నుంచో మొక్కండీ, ఇవాళ్టికి కుదిరింది" అంటే అత్తయ్య నా వైపు అర్థవంతంగా చూసింది. పెద్దాయన, "మావాడు బెజవాడలో చదువుకుంటున్నాడండీ" అన్నప్పుడు మాత్రం నాకు అనుమానం వచ్చి, "ఎరువుల కొట్టన్నారుగా" అని అత్తయ్య చెవిలో ఊదాను. "గుట్టే. ఎంత పకడ్బందీగా ఉన్నారో చూడు. మనమే నేర్చుకోవాలి" అంది అత్తయ్య మెచ్చుకోలుగా. సరిపోని ప్రతి మాటా వాళ్ళ పెద్దరికం కింద జమ అయిపోతోంది. ఆవిడ నన్ను, "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా అత్తయ్య పులిహోర గిన్నె గుడ్డ విప్పేసింది. మాట అటు పోయింది. పులిహోర ఇటు పోయింది. పెద్దాయన రెండోసారి పెట్టించుకున్నారు, మూడోసారి అడగకుండానే అత్తయ్య పెట్టింది. సంబంధం కుదిరినట్టే గిన్నె గోకింది.

నాకు కావలసిన అవకాశం రేవులో దొరికింది. అబ్బాయి వాళ్ళమ్మ కాళ్ళు కడుక్కుంటానంటే చెంబు పట్టుకుని కిందికి దిగాడు. నేను కూడా మా చెంబు తీసుకుని లేచాను. అత్తయ్య "ఏయ్" అనేలోగా సగం మెట్లు దిగిపోయాను. మాఘమాసపు కృష్ణ పలచగా, ఆకుపచ్చగా ఉంది. మెట్ల మీద నీళ్ళలో పాదాలు పెడితే చిన్న చేపలు వచ్చి వేళ్ళు కొరికేవి. ఆవిడ పైకి వెళ్ళిపోయింది, అబ్బాయి చెంబు ముంచుతూ వెనకబడ్డాడు. నేను నీళ్ళ వైపు చూస్తూ, "మిమ్మల్ని ఒక మాట అడగాలండీ" అన్నాను.

అతను ఉలిక్కిపడి, "అడగండి" అన్నాడు.

"పెళ్ళయ్యాక ఆడవాళ్ళు ఉద్యోగం మానుకోవాలంటారా?"

అతను చెంబు పక్కన పెట్టాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎందుకు మానుకోవాలండీ? సగం మందిని ఇళ్ళల్లో కూర్చోబెట్టి దేశం ముందుకెళ్ళమంటే ఎట్టా వెళ్తుంది?" అని మొదలుపెట్టి, చదువు గురించి, ఓటు గురించి, కాలేజీలో తను చేసిన ఉపన్యాసం గురించి ధారగా చెప్పాడు. నేను చేతిలో చెంబు నింపుకోవడం కూడా మరిచిపోయాను. ఇన్నాళ్ళు మోసుకు తిరిగిన బరువు ఇంత తేలిగ్గా దిగిపోతుందని అనుకోలేదు. ఖాళీ చెంబుతోనే పైకి వచ్చి స్తంభం పక్కన కూర్చున్నాను. అత్తయ్య నా మొహం చూసి, "ఏం చేసొచ్చావే?" అంది. "నీళ్ళకెళ్ళా" అన్నాను. ఖాళీ చెంబు వైపు చూసింది.

కాసేపటికి వాళ్ళు మొక్కు అర్చన చేయించుకుంటామని లోపలికి వెళ్ళారు. మేమూ వెంట వెళ్ళాం. అర్చకులు తులసి చేతిలోకి తీసుకుని, "గోత్రం చెప్పండి" అన్నారు. పెద్దాయన చెప్పారు. గంట కొట్టబోతున్న అత్తయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. అది మా గోత్రం. ఒకే గోత్రం వాళ్ళంటే మాకు ఒకే ఇంటివాళ్ళు, ఆ అబ్బాయి నాకు అన్నయ్య వరస. పెళ్ళి మాట అటుంచి, ఆ ఊహ వచ్చినందుకే చెంపలు వేసుకోవాలి. అత్తయ్య నిజంగానే వేసుకుంది. స్వామికి దండం అనుకుని అర్చకులు ఆమెకు తీర్థం ఇచ్చారు.

బయటికి వచ్చాక అత్తయ్య జీవితంలో మొదటిసారి గుట్టు విప్పింది. "మీది పేట కాదూ?"

"కాదండీ, ముక్త్యాల. పేట పక్కనేగా."

"మరి ఎరువుల కొట్టు?"

"ఎరువుల కొట్టేంటమ్మా?" అన్నారు పెద్దాయన అయోమయంగా. ఆవిడ ముందు తేరుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కొడుకు పరీక్ష పాసైతే వస్తామన్న మొక్కట వాళ్ళది, అంతకు మించి ఏమీ లేదు. నాన్న స్తంభం వైపు తిరిగి నిలబడ్డారు. ఆ అబ్బాయికి మాత్రం రేవులో నేను అడిగిన ప్రశ్న ఎందుకడిగానో అప్పుడు తట్టినట్టుంది. చెవుల దాకా ఎర్రబడి నా దగ్గరికి వచ్చాడు. "చెల్లెమ్మా, ఇందాక నేను చెప్పింది..." అని ఆగి, నవ్వేశాడు. "నా మాట నేను మార్చను. చెల్లెలివి కాబట్టి ఇంకా గట్టిగా చెప్తున్నా, మానొద్దు" అన్నాడు. మంచివాడు. కాని అప్పుడే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. అతను అంత ధారాళంగా చెప్పగలిగింది ఆ ప్రశ్న అతని ఇంటి గుమ్మం తొక్కదు కాబట్టి. బరువు దిగిందనుకున్నాను గాని, అది ఎక్కడికీ పోలేదు, మెట్ల మీద చెంబు పక్కనే ఉంది. మళ్ళీ ఎత్తుకోవాలి. ఈసారి ఆ మాటను ఎవరి మీద పడుతుందో వాళ్ళ ముందే పెట్టాలి.

ఎండ దిగుతుండగా అసలు అబ్బాయీ, వాళ్ళమ్మా నాన్నా మధ్యవర్తిగారితో వచ్చారు. మధ్యవర్తిగారు దుమ్ములో బొరియ తవ్వుకొచ్చిన మనిషిలా ఉన్నారు. దారిలో బండి చక్రం సీల ఊడి పడిపోయిందట, వెతికితే దొరకలేదట. అబ్బాయి తుమ్మకొమ్మ నరికి, చెక్కి, సీలలాగా దిగ్గొట్టి, అది ఊడకుండా చూసుకుంటూ చక్రం పక్కనే నడిచి వచ్చాడట. చొక్కా ముందు భాగమంతా కందెన మరకలు. రేవుకు వెళ్ళి చేతులు రుద్దుకుని వచ్చాడు గాని మరకలు పోలేదు. పొడుగేమీ కాదు. మధ్యవర్తిగారు పొట్టిగా ఉంటారు, ఆయన ఎత్తు నుంచి చూస్తే అందరూ పొడుగే. కళ్ళజోడు జేబులో ఉంది, చదివేటప్పుడే పెట్టుకుంటాడట. అత్తయ్యకు అన్నిటికంటే పెద్ద బాధ పులిహోర గిన్నె ఖాళీగా ఉండటం. అర్చకుల్ని అడిగి దొప్పల్లో దద్ధ్యోజనం తెచ్చి పెట్టింది. ముక్త్యాల వాళ్ళు సాయంగా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఇక మాకు దారి వదిలి బయల్దేరారు. వెళుతూ ఆవిడ నా బుగ్గ పుణికి వెళ్ళింది.

అంతా సర్దుకుని కూర్చున్నాక అబ్బాయి తండ్రి గొంతు సవరించుకుని, "ఏం ఎండలండీ" అన్నారు. నాన్న వెంటనే, "మాఘంలోనే ఇట్టా ఉంటే ముందు ముందు ఎట్టా ఉంటుందో" అన్నారు. తరవాత మిరప ధర వచ్చింది. అదే మండపం, అదే స్తంభం, అవే మాటలు. పొద్దున్న నడిచిన దారిలోనే మాటల బండి మళ్ళీ వెళ్తోంది. ఇలాగే సాయంత్రం అయిపోతుంది, ఎవరి బండి వాళ్ళు ఎక్కుతారు, వారం తిరిగేలోగా కబురు వస్తుంది, నాన్న సరేనంటారు. నాకు కనిపిస్తూనే ఉంది. నేను చేతిలోని దొప్ప కింద పెట్టాను.

"ఒక మాట అడగాలండీ" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. రాతి కప్పు కింద ఏ మాటైనా పెద్దగానే వినిపిస్తుంది. పొద్దుటి ప్రశ్నలో ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఈసారి నేను ఒక్కదాన్నే ఉండాలి. ఆ అబ్బాయి వైపు చూసి చెప్పాను. "నేను నందిగామ బడిలో పనిచేస్తున్నా. పెళ్ళయ్యాకా పనిచేస్తా. అది మీకు కుదురుతుందా?"

దద్ధ్యోజనం నోట్లో పెట్టుకోబోతున్న మధ్యవర్తిగారి చెయ్యి గాల్లో ఆగింది. అబ్బాయి తండ్రి నాన్నతో, "ఏంటండీ, పిల్లే అడుగుతుంది?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపడి. నాన్న కండువా తీశారు. నేను అత్తయ్య వైపు చూడలేదు. ఏం వస్తుందో నాకు తెలుసు. కాని వచ్చింది వేరు.

"పిల్ల అడిగిందిగా, చెప్పనీండి అన్నయ్యగారూ" అంది అత్తయ్య. "పొద్దున్నుంచీ ఎవరూ ఎవర్నీ ఏమీ అడక్కుండా ఉన్నందుకు నా గిన్నెడు పులిహోర ముక్త్యాల పోయింది. ఇంక నా వల్ల కాదు. ఇక్కడే తేల్చుకుందాం. చెప్పు నాయనా."

అబ్బాయి తల్లి అందుకుంది. "చెప్పేదేముంది వదినా. ఇంటినిండా పనేనాయె. పాడి ఉంది, పొలానికి మనుషులొస్తే వండాలి. కోడలు పొద్దున్నే బస్సెక్కి పోతే చూసేదెవరు? జనం ఏమనుకుంటారు?" ఆమె మాటలో అబద్ధం లేదు. ఆ పని నాకు కళ్ళ ముందు కనిపించింది, ఆమె చేతులు చూస్తేనే తెలుస్తోంది. అయినా నేను తల వంచలేదు. వంచితే మళ్ళీ ఎత్తడం ఉండదని తెలుసు.

అబ్బాయి వేలి మీద కందెన మరకను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. అతను రుద్దుతున్న కొద్దీ ఇది కూడా పోయిందనుకున్నాను. నందిగామకు తిరిగి వెళ్ళే దారి, రేపు పొద్దున బడి, బల్ల కింద నిద్రపోయే ఆ పిల్లవాడు, అన్నీ మనసులో తిరిగాయి. పోతే పోనీ అని కూడా అనుకున్నాను. అప్పుడు అతను తల ఎత్తాడు.

"నందిగామ నుంచి పేటకి ఆఖరి బస్సు ఎన్నింటికండీ?"

ఎవరికీ అర్థం కాలేదు. నాకు కూడా. అడిగాడు కాబట్టి చెప్పాను. "ఏడింటికి."

"బడి వదిలాక దానికంటే ముందు ఇంకోటి ఉంటుందా?"

"ఉంటుంది. కాని ఒక్కోసారి రాదు."

"రాకపోతే ఏడింటిదే దిక్కు." కాసేపు ఆలోచించాడు, ఎరువుల బస్తాలు ఎక్కడ దించాలో చూసుకుంటున్నట్టు. తరవాత తల్లి వైపు తిరిగి, "అందుద్దమ్మా. పొద్దున పాలు నేను పిండుతా" అన్నాడు.

అంతే. దేశం గురించి ఏమీ చెప్పలేదు. ఆడవాళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. కుదురుతుందా అని నేను అడిగాను, ఎట్లా కుదురుతుందో అతను చూసుకున్నాడు. ఆవిడ కొడుకు వైపు చూసి, "నువ్వు పిండితే ఆ గేదె తన్నుద్ది" అంది. అత్తయ్య ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో ఆవిడ కూడా కలవక తప్పలేదు.

తిరుగు ప్రయాణంలో బండి తోలే అతను, "దర్శనం బాగా అయిందామ్మా?" అన్నాడు.

"రెండుసార్లయింది" అంది అత్తయ్య.

పెళ్ళయింది. గేదె మా ఆయన్ని నిజంగానే తన్నింది. చాలా రోజులు తన్నింది, తరవాత అలవాటు పడింది. మా అత్తగారు అలవాటు పడటానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టింది. మొదట్లో నేను బస్సు దిగి వచ్చేసరికి పొయ్యి ఆర్పేసి ఉండేది, మాట్లాడేది కాదు. తరవాత్తరవాత అన్నం మూతపెట్టి ఉంచి, "ఇవాళ పిల్లలేమన్నారు?" అని అడిగి, నేను చెప్పేదాకా పక్కన కూర్చునేది. ముక్త్యాల అన్నయ్య మా పెళ్ళికి అన్నగారి హోదాలో వచ్చి, పంక్తిలో పులిహోర తనే వడ్డించి, గిన్నెలో ఇంకా ఉందని అత్తయ్యకు మూత తీసి చూపించి మరీ వెళ్ళాడు. నేను రిటైరయ్యేదాకా పనిచేశాను. అన్ని రోజులూ సాఫీగా నడిచాయని చెప్పను. వానలకు వాగు పొంగి బస్సు రాని సాయంత్రాలున్నాయి, జ్వరంతో ఉన్న బిడ్డను వదిలి వెళ్ళిన పొద్దులున్నాయి, మానేస్తానని నేనే అన్న రోజులున్నాయి. అన్నప్పుడల్లా మా ఆయన, "రేపు పొద్దున చూద్దాంలే" అనేవాడు. పొద్దున చూస్తే బ్యాగు గుమ్మం దగ్గర సర్ది ఉండేది. ఏడింటి బస్సు వచ్చే వేళకు పేట బస్టాండులో సైకిలు స్టాండు వేసి, ఎరువుల వాసన వేసే చొక్కాతో నిలబడి ఉండేవాడు. బస్సు ఆలస్యమైతే ఎందుకని అడిగేవాడు కాదు, అందిందిగా అనేవాడు.

ఆ కాఫీ హోటల్లో చుక్క కాస్తా అబ్బాయిగా మారి లోపలికి వచ్చాడు. మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. నేను వేరే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో మనవరాలికి ఈ కథంతా చెప్పాను. తను చాలాసేపు నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "నేను అడగాల్సినవన్నీ ముందే ఫోనులో అడిగేశా నాన్నమ్మా. అన్నిటికీ బాగా చెప్పాడు" అంది. మళ్ళీ తనే, "మరీ బాగా చెప్పాడా అని ఆలోచిస్తున్నా" అంది. కిటికీలోంచి చిల్లకల్లు వెళ్ళిపోతోంది. మేం బండి ఎక్కిన చోటు ఏదో ఆనవాలు తెలియలేదు.

మా ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ దారిలో తెల్లవార్లూ బస్సులు తిరుగుతూనే ఉంటాయి, ఆఖరి బస్సు అనేదే లేదు. అయినా సాయంత్రం ఏడు కాబోతుంటే, చేతిలో ఏ పనున్నా, నా చెవి దానంతట అదే ఆ ఏడింటి బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్ళి కూర్చుంటుంది. ఇన్నేళ్ళు గడిచినా నా రోజుకు అక్కడే పొద్దు గుంకుతుంది.